పల్లకి ఎక్కిన గుండిగ

పూర్వం వెండేటి ఒడ్డున, ఈనాడు కంకణాలరేవని పిలువబడే ఈ పుణ్యస్థలంలో గుడీ లేదు, గోపురమూ లేదు. నీటి అంచున ఒక నల్లని బండరాయి, దాని నీడలో పసుపు పూసిన జానెడు అన్నపూర్ణమ్మ విగ్రహం, ఏరు దాటించే పోలయ్య పడవ, అంతే. అమ్మవారు ఇక్కడ ఎప్పుడు వెలసిందో చెప్పగలవారు లేరు గాని, తన మహిమను ఎవరిమీద చూపిందో మాత్రం ఈ సీమలో అందరికీ తెలుసు. ఆ భాగ్యశాలి పేరు పేరయశాస్త్రి.

శాస్త్రి గుమ్మళ్లపాడు అగ్రహారంలో పుట్టినవాడు. తర్కశాస్త్రంలో ఉద్దండుడనిపించుకున్న తండ్రికి ఏకైక పుత్రుడు. తండ్రి సంవత్సరీకాలకు కూడిన బంధుజనం, ఆ పాండిత్యం ఆయనతోనే పోయిందని నిట్టూర్చగా, శాస్త్రికి పౌరుషం పొడుచుకొచ్చి, శరన్నవరాత్రులలో రాజధానిలో జరిగే విద్వత్సభలో పండితులందరినీ ఓడించి వస్తానని నలుగురి ఎదుటా ప్రతిజ్ఞచేసి, పసుపుకొమ్ము కట్టిన దారాన్ని ముంజేతికి కంకణంగా కట్టించుకున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

సంకల్పం నెరవేరకుండా కంకణం విప్పితే పితృదేవతలకు ద్రోహమని నియమం. అది చేతికి ఉన్నంతకాలం పరుల చేతి వంట తినరాదన్నది మరో నియమం. అందుచేత, అంతవరకు పొయ్యి ముఖం చూసి ఎరుగని శాస్త్రి గ్రంథాల మూటతోపాటు ఒక ఇత్తడి గిన్నెను కూడా మోసుకుంటూ, దారి పొడవునా మాడిన అన్నమూ ఉప్పులేని చారూ మింగుతూ, ఇదేమి ఖర్మమని విసుక్కుంటూ ఈ రేవు చేరాడు. చేరిన సాయంత్రమే వెండేరు ఒడ్లు దాటి పొంగింది. రాజధాని ఆవలి ఒడ్డున ఉండిపోయింది. పడవ గట్టున బోర్లాపడింది.

వరదకు ఇళ్లు పోగొట్టుకున్న పల్లెల జనమంతా పిల్లాపాపలతో ఈ గట్టున ఉన్న మెట్ట మీదకు చేరారు. వారిలో ఒక బాలింత, శాస్త్రి పొయ్యి మీది గిన్నె చూసి, సిగ్గు విడిచి ఇంత చారు పోయమని అడిగింది. తాగి, "పానం లేచొచ్చింది బాబూ" అన్నది. తర్కంలో ఎంత గొప్ప మాట చెప్పినా ఎవరి ముఖమూ అట్లా వెలగడం శాస్త్రి చూడలేదు. మర్నాడు జనం తడవకుండా మిగిలిన గింజలు తెచ్చి ఆయన ముందు పోశారు. పోలయ్య ఎక్కడినుంచో పెళ్లివంటల గుండిగ ఒకటి దొర్లించుకొచ్చాడు. అది మొదలు శాస్త్రికి పుస్తకాల మూట విప్పితే ఆవులింతలు వచ్చేవి, పొయ్యి రాజేస్తే తన ఆకలి కూడా గుర్తుండేది కాదు. తెల్లవారి లేస్తూనే చింతపండు చాలుతుందా అని ఆలోచించేవాడు. ఇంత సంతోషం తనకు ఎన్నడూ కలగలేదని ఒప్పుకోవడానికి మాత్రం ఆయనకు భయం వేసేది, ఎందుకంటే కంకణం చేతికే ఉంది.

చివరకు ఏరు తగ్గింది. నీటికి దగ్గరగా ఉంటుందని శాస్త్రి పొయ్యిని మెట్ట మీదినుంచి నల్లరాతి పక్కకు దించాడు. పేరుమోసిన పండితుని కుమారుడు రేవులో చిక్కుకున్నాడని విన్న రాజు, తండ్రి మీది గౌరవంతో బోయీలనిచ్చి పల్లకి పంపాడు.

"అయ్యగారూ, ఏరు తీసింది. పల్లకి వచ్చి కూకుంది. తమరు కదిలితే పడవ వదుల్తాను" అన్నాడు పోలయ్య.

శాస్త్రి పల్లకివైపు ఒకసారి, పొయ్యివైపు ఒకసారి చూశాడు. పోతే మెట్ట మీది జనానికి అన్నం లేదు. పోకపోతే తండ్రి పేరు మట్టిపాలు, పితృద్రోహం. ఆయన మూట అందుకోబోతుండగా, విస్తరాకు చేతపట్టుకుని ఒక ముసలమ్మ వచ్చి పొయ్యి దగ్గర చతికిలపడింది.

"ఎసరు మరుగుతోంది గదా నాయనా, బియ్యం ఎప్పుడు పోస్తావు?"

"నేను పోవాలి అవ్వా. సభలో గెలుస్తానని కంకణం కట్టుకున్నాను. మా నాన్నగారి పేరు నిలపాలి."

"గెలవమని మీ నాయన అడిగాడా?"

శాస్త్రి మూటకోసం చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. "అడగలేదవ్వా. ఎన్ని సభలు గెలిచి వచ్చినా, ఆయన కాళ్లు కడుక్కుని, ఇంత వేడన్నం పెట్టమనేవారు. అంతకుమించి ఏదీ అడిగి ఎరుగరు."

"పోనీ, నీకుందా ఆ కోరిక?"

"లేదవ్వా" అన్నాడు శాస్త్రి. అన్నాక ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది.

"అయితే బియ్యం కడుగు నాయనా, పో. ఆకలేస్తోంది."

శాస్త్రి కళ్లు తుడుచుకుని, ఏటిలో దిగి బియ్యం కడుగుతుండగా, వేసిన ముడి వేసినట్టే ఉండి కంకణం చేతినుంచి జారి, నీటిలో తేలుతూ పోయి నల్లరాతిని చుట్టుకున్నది. తిరిగి చూస్తే ముసలమ్మ లేదు. విగ్రహం ముందు ఆమె విస్తరాకు మాత్రం పరిచి ఉంది. శాస్త్రి అన్నం వండి తొలి ముద్ద అందులో వడ్డించి, వరద తెచ్చి ఇక్కడ ఆపినందుకు, చేతికి గరిట ఇచ్చినందుకు ఆ తల్లికి సాష్టాంగపడ్డాడు. ఆపైన, గుండిగను మెట్ట మీదకు ఎత్తుకుపోయే దారి తోచక, ఊరికే నిలబడ్డ బోయీలను పిలిచి, దానిని పల్లకిలో ఎక్కించాడు. ఆ సంగతి విన్న రాజు కోపగించకపోగా కడుపుబ్బ నవ్వి, "ఇంత బరువైన పండితుడు మా పల్లకి ఎన్నడూ ఎక్కలేదు" అని, ఆ పల్లకిని అమ్మవారికే ఇచ్చివేశాడు.

నల్లరాతి చుట్టూ దారమంత పసుపుచార ఇప్పటికీ ఉంది. ఎన్ని వరదలు వచ్చినా చెరగలేదు. విజయదశమినాడు నేటికీ ఇక్కడ పల్లకిలో ఊరేగేది పొగలు కక్కే అన్నపు గుండిగే. కోరికలు తీరాలని మొక్కుకునేవారికి వేరే క్షేత్రాలు ఎన్నో ఉన్నాయి. ఎవరి మెప్పుకోసమో పట్టుకుని, వదలలేక మోస్తున్న సంకల్పాలను దించుకోవాలనుకునేవారు మాత్రం ఇక్కడికి వచ్చి, కంకణం రాతి మీద ఉంచుతారు. అది ఏ సంకల్పమో శాస్త్రి వంశపు అర్చకులు అడగరు. బియ్యం గిన్నె చేతికిచ్చి ఏటివైపు చూపుతూ, "అయితే బియ్యం కడుగు నాయనా, పో" అంటారు.