పొర వదలని పురుగు

"మండల దీక్షకు ఇంకా పదకొండు రోజులు మిగిలాయి స్వామీ. మనసు ఇప్పుడిప్పుడే ఒక్కచోట నిలుస్తోంది. మధ్యలో లేచి వెళ్ళడం దోషం కాదా?" అని కేదారి అడిగాడు. అతని చేతిలో ఉత్తరం ఉంది. మంచం పట్టిన అక్క, ఒక్కసారి వచ్చి కనిపించి పొమ్మని రాయించింది.

విమలబోధ స్వామి దోషం సంగతి ఎత్తలేదు. తాను హిమాలయాల్లో తిరిగిన రోజుల్లో ఎరిగిన ఓబులేసు గురించి చెప్పారు.

ఓబులేసుది అనంతపురం వైపు. కొండల్లో రోడ్లు వేసేచోట గుమాస్తాగా చేరి, భార్య సుంకమ్మతో అక్కడే ఉండిపోయాడు. మంచు కరిగి పారే అక్కడి ఏటిలో ట్రౌట్ అనే చేప ఉంటుంది. వసంతంలో నీటి అడుగున ఉన్న పురుగులు రెక్కలొచ్చి పైకి తేలుతాయి. ఏ పూట ఏ పురుగు లేస్తే ట్రౌట్ దాన్నే తింటుంది, మరొకదాన్ని ముట్టదు. అందుకని గాలానికి ఈకలూ పట్టుదారమూ చుట్టి, అచ్చం ఆ పురుగులాగే చేసి నీటిమీదికి విసరాలి. ఓబులేసుకు అది పిచ్చి అయింది. సుంకమ్మ ఏటి నడుమ బండమీద నిలబడి, పాత చీరముక్కను ప్రవాహంలో పట్టి, అందులో పడ్డ పురుగుల్ని తెచ్చి అతనికి చూపేది.

ఒక ఏడు మూడు రోజులపాటు ఒక్క చేపా పడలేదు. నీటిమీద ఎగిరే పురుగును చూసి అతను ఎంత పనితనంగా కట్టినా, చేపలు పక్కనుంచి పోయేవి. నాలుగోరోజు మధ్యాహ్నం సుంకమ్మ తెచ్చిన గుడ్డలో, ఒంటిమీది పొర సగం కూడా వదలని పురుగొకటి దొరికింది.

"ఇదే! ఇవి పైకి రాకముందే చేపలు తినేస్తాండాయి. పో, ఇంకో నాలుగు పట్టుకురా" అన్నాడు ఓబులేసు.

పొద్దు వాలితే పైన మంచు కరిగి ఏరు పెరుగుతుందని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె మళ్ళీ ఏటి నడుమ బండమీదికి వెళ్ళింది. అతను ఒడ్డున కూర్చుని, ఈకలతో అచ్చం అలాంటి పురుగునే గాలానికి కట్టి విసిరాడు. మొదటి విసురుకే మూరెడు చేప పట్టుకుంది.

"ఏమయ్యో, నీళ్ళు పెరుగుతాండాయి! చెయ్యందియ్యి!"

రెండుసార్లు పిలిచింది. దారం సన్నది, ఏమరితే తెగుతుంది. అతను చేపను అలసిపోయేదాకా ఆడించి ఒడ్డుకు లాగి, మొప్పల్లో వేలు దూర్చి పట్టుకుని, అప్పుడు తిరిగి చూశాడు. బండ నీళ్ళకింద ఉంది. మూడోనాడు, దిగువన కొట్టుకొచ్చిన దుంగల మధ్య ఆమె దొరికింది. ఆ చేపను ఏం చేశాడో అతనికి గుర్తులేదు.

"పాపం, ఏటి హోరులో వినపడి ఉండదు స్వామీ" అన్నాడు కేదారి.

"వినపడిందని అతనే చెప్పాడు నాయనా" అన్నారు స్వామి. "ఒక్క నిమిషం ఆగమని చెయ్యి కూడా ఎత్తాడట."