అవతలి ఒడ్డు

ఎల్నాథానుకు పది రోజులుగా చదువు మీద మనసు నిలవడం లేదు. పాఠశాల వసారాలో కాలుగాలిన పిల్లిలా ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతున్నాడు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు.

ఆ పాఠశాల యూఫ్రటీసు నదికి పడమటి ఒడ్డున ఉండేది. యూదుల కుర్రాళ్ళు దూరాల నుంచి వచ్చి రబ్బీ హషబ్యా దగ్గర ధర్మశాస్త్రం చదువుకునేవారు. తూర్పు ఒడ్డున ఉండేది అన్యజనులు, విగ్రహాలకు మొక్కేవాళ్ళు. అందుకని శిష్యుల నోట 'అవతలి ఒడ్డు' అన్న మాట తిట్టుతో సమానం. రొట్టె మాడినా, కుండ పగిలినా అవతలి ఒడ్డు పనితనమే అనేవారు.

ఎల్నాథాను తల్లి షీరీన్‌ది ఆ అవతలి ఒడ్డే. యూదుణ్ణి పెళ్ళాడకముందే విగ్రహాలు వదిలేసి, నదిలో మునిగి, ఇశ్రాయేలు దేవుణ్ణి తన దేవుడిగా ఒప్పుకున్న మనిషి. భర్త పోయాక పుట్టింటికి చేరింది గానీ ఆ దేవుణ్ణి మాత్రం వదల్లేదు. ప్రతి శుక్రవారం పడవెక్కి వచ్చి, విశ్రాంతిదినానికని కొడుక్కి రొట్టెలిచ్చి పోయేది.

ఇదంతా ఎల్నాథాను ఎవరికీ చెప్పుకోలేదు. ఆ మధ్య ఒక శుక్రవారం తోటివాడొకడు, ఎవరురా ఆవిడ, అని అడగనే అడిగాడు. వీడు తడుముకోకుండా, మా ఇంటి పనిమనిషి, అనేశాడు. అని తల తిప్పి చూస్తే తల్లి గుమ్మం దిగి వెళ్ళిపోతోంది. విన్నదో లేదో తెలీదు. మరుసటి శుక్రవారం మాత్రం ఆవిడ రాలేదు.

వెళ్ళి కనుక్కోవచ్చుగా? కనుక్కోడు. చదువుకున్నవాడి తిప్పలు అలాగే ఉంటాయి. తల్లి సంగతి కడుపులో పెట్టుకుని, పుస్తకాల మీద పడ్డాడు. చివరికి గురువు దగ్గరికి పోయి తన గోడు వెళ్ళబోసుకున్నాడు. యూదులకూ అన్యజనులకూ మధ్య గీత ఎక్కడ మొదలైందో ఎంత వెతికినా దొరకడం లేదన్నాడు. ఆదాము యూదుడు కాడు, నోవహు కాడు. పోనీ యాకోబు దగ్గర చూద్దామంటే, ఏశావూ అతనూ ఒకే కడుపున పుట్టిన కవలలు. ఒకడు మనవాడయ్యాడు, ఒకడు పరాయివాడయ్యాడు.

"ఆ గీత ఎక్కడుందో మీరే చూపించండి గురువుగారూ. దానికి ఇవతల నిలబడతాను."

రబ్బీ, మన జాతికి తండ్రి అయిన అబ్రాహామును పుస్తకంలో హెబ్రీయుడన్నారు గదా, ఆ మాటకు అర్థమేమిటని అడిగాడు. చిన్నప్పుడే కంఠతా పట్టిన పాఠం. నదికి అవతలివాడు అని ఎల్నాథాను టక్కున చెప్పాడు.

"అవతల అంటే ఎటు?"

ఎల్నాథాను తూర్పుకి చెయ్యి చూపించాడు. చూపించాక ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక వెనక్కి దాచుకున్నాడు.

రబ్బీ చెప్పులు తొడుక్కుని, పద, పడవెక్కుదాం అన్నాడు. ఎల్నాథానుకు రాననడానికి లేదు. పడవ నడుస్తున్నంతసేపూ అంచు పట్టుకుని వెనక్కే చూస్తూ కూర్చున్నాడు.

తూర్పు రేవులో దిగాక రబ్బీ ఆగాడు.

"ఇప్పుడు చెప్పు. అవతల అంటే ఎటు?"

ఎల్నాథాను నది మీదుగా పాఠశాల వైపు చెయ్యెత్తబోయాడు. ఆ చెయ్యి సగంలోనే ఆగిపోయింది. రేవు రాళ్ళ మీద ఉన్ని ఉతుకుతున్న షీరీన్ వాళ్ళను చూసి లేచి నిలబడింది. తలముసుగు సర్దుకుని నాలుగడుగులు ముందుకొచ్చి, రబ్బీకి తల వంచింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"బాగున్నారా అయ్యగారూ?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే అతని ప్రాణం తీసింది. మోకాళ్ళ మీద రేవు బురదలో కూలబడి, అమ్మా, అన్నాడు.

షీరీన్ హడలిపోయింది. ఈ కబురు తెలిస్తే కొడుకును పాఠశాలలోంచి గెంటేస్తారని ఆవిడ భయం.

"కాదండీ," అంది రబ్బీతో కంగారుగా. "నేను వీళ్ళింట్లో పనిచేసేదాన్ని. చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగానని అలా పిలుస్తారు."

ఎల్నాథాను తల్లి తడిచేతులు రెండూ పట్టుకుని గురువు వైపు తిరిగాడు.

"ఈవిడ మా అమ్మ. మీ దగ్గర దాచాను."

రబ్బీ హషబ్యా చెప్పులు విడిచి, డెబ్భై ఏళ్ళ నడుము వంచి షీరీన్‌కు నమస్కరించాడు.

"అబ్రాహామును కన్నతల్లిదీ ఈ ఒడ్డేనమ్మా" అన్నాడు.