కిర్రుచెప్పుల దొంగ

పూలకోట రాజు గోవర్ధన భూపతికి దొంగాటంటే పిచ్చి. కోట వసారా చివర వెండి పళ్లెంలో అరిసె పెట్టిస్తాడు. గొంగళి ముసుగేసుకుని, కావలివాళ్ళకు దొరక్కుండా వెళ్ళి దాన్ని తినేసినవాడు గొప్ప దొంగ. దొరికాడా, గుంజీలు తీయాల్సిందే.

విచిత్రమేమిటంటే, ఎప్పుడాడినా రాజే గెలిచేవాడు. అదీ కిర్రుచెప్పులు వేసుకుని! ఆ చప్పుడు వీధి చివరిదాకా వినబడేది. అయినా కావలివాళ్ళు ఆకాశంకేసి చూస్తూ నిలబడేవాళ్ళు. మిగతావాళ్ళు ఉత్తకాళ్ళతో, ఊపిరి బిగబట్టి వచ్చినా గడప దాటకముందే దొరికిపోయేవాళ్ళు.

ఇదంతా సేనాధిపతి రణభైరవుడి నిర్వాకం. కిర్రుమంటే మొహం తిప్పేసుకోమని కావలివాళ్ళకు ముందే చెప్పిపెట్టాడు. కిర్రుమనకపోతే? మేడమీద ఒకడు కూర్చుని, దొంగ ఎటు వస్తే అటు గుడ్డ ఊపేవాడు. రాజుగారి మెప్పు కోసం ఎన్ని వేషాలో, ఏం చెప్పమంటారు!

ఒకనాడు సభలో రాజు మీసం దువ్వాడు.

"రేపు నేనొక్కణ్ణే కొండవాకిలి కోటలో దూరి, శత్రురాజు జెండా ఎత్తుకొస్తాను!"

రణభైరవుడు ఇరకాటంలో పడ్డాడు. నిజం చెబితే తన తల పోతుంది, చెప్పకపోతే రాజు తల పోతుంది. తన తలే ముద్దనిపించింది కాబోలు, "తమరికి ఎదురేముంది మహాప్రభో!" అనేశాడు.

విదూషకుడు బుచ్చన్న మాత్రం ఊరుకోలేకపోయాడు. పిచ్చి మారాజే గానీ మనసు బంగారం. చూస్తూ చూస్తూ పులినోట్లోకి ఎలా పంపడం? ఉన్నమాట మొహానే చెబితే నమ్మే రకమూ కాదాయె.

"ప్రభూ, కొండవాకిలి మెట్లు నున్నటి రాళ్ళు. చెప్పులుంటే జారతారు. ఇవాళ ఉత్తకాళ్ళతో ఒకసారి సాధన చేయండి. చెప్పులు నా దగ్గరుంచండి," అన్నాడు.

"చెప్పులున్నప్పుడే పట్టుకోలేనివాళ్ళు, లేనప్పుడు పట్టుకుంటారటయ్యా!" అని రాజు నవ్వి, చెప్పులు విడిచాడు.

దీపాలు పెట్టే వేళ రాజు గొంగళి కప్పుకుని పిల్లిలా అడుగేశాడు. మేడమీద గుడ్డ ఊగింది.

"దొరికాడ్రా దొంగ వెధవ!"

నలుగురూ మీదపడ్డారు. ఒకడు చెవి మెలిపెట్టి, "తియ్యరా గుంజీలు!" అన్నాడు. రాజు ముసుగు తీయబోయాడు.

అంతలో కిర్రు... కిర్రు... మంటూ ఇంకో గొంగళి వసారాలోకి వచ్చింది. రాజు చెవి పట్టుకున్నవాడితో సహా అందరూ ఠక్కున ఆకాశంకేసి తిరిగారు. ఆ గొంగళి తీరిగ్గా నడిచింది, దగ్గింది, దారిలో ఒక కావలివాడి తలపాగా కూడా సర్దింది. పళ్లెం దగ్గర కూర్చుని అరిసె మొత్తం తినేసింది.

రణభైరవుడు పరుగున వచ్చి వంగి దండం పెట్టాడు.

"మళ్ళీ తమరే గెలిచారు మహాప్రభో! ఆ నడక చీమకైనా వినబడదు!"

గొంగళి జారింది. లోపల బుచ్చన్న, మూతినిండా నువ్వులు.

"అయితే నేనెవర్నిరా?" అంటూ రాజు తన ముసుగు లాగేశాడు. చెవి పట్టుకున్నవాడు అక్కడే కూలబడ్డాడు.

"బుచ్చన్నా! అంత చప్పుడు చేస్తూ వీళ్ళకు కనబడకుండా ఎలా దాక్కున్నావు?"

"నేనెక్కడ దాక్కున్నాను ప్రభూ? దాక్కున్నవి వీళ్ళ కళ్ళు. కొండవాకిలి కావలివాళ్ళకు మన సేనాధిపతిగారు ఇంకా చెప్పిరాలేదు!"

రాజు ఎర్రబడిన చెవి తడుముకున్నాడు. రణభైరవుడి మొహం చూశాడు. ఒక్కసారిగా పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. జెండా ఊసు అక్కడితో సరి.

"నా ప్రాణం నిలబెట్టావయ్యా! ఆ వెండి పళ్లెం నీదే, చెప్పులూ నీవే," అన్నాడు.

"పళ్లెం చాలు ప్రభూ. ఆ చెప్పులతో మా వంటింట్లో అరిసెల జాడీ దగ్గరికి వెళితే, మా ఇంటిది ఆకాశంకేసి చూడదు!"

"అయితే అవి సేనాధిపతికి తొడగండి. ఇంకో అరిసె పెట్టండి. ఒరే కావలివాళ్ళూ, చెవులున్నది వినడానికి, కళ్ళున్నది చూడ్డానికి. గుడ్డ ఊపేవాణ్ణి కిందికి దింపండి. ఊఁ, ఆట మొదలు!"

రణభైరవుడు కిర్రుమంటూ ఒక్క అడుగేశాడు. ఈసారి ఎవ్వరూ ఆకాశంకేసి చూడలేదు.