బుద్ర కూర్చున్న మలుపు

అనగనగా ఒక కొండ. ఆ కొండకు ఒకటే దారి. ఆ దారిన బరువులు మోసే మనిషి ఒకడు. పేరు కిల్లో బుద్ర. ఎన్నేళ్ళయిందో చెప్పలేను. తెల్లదొరలు మన నెత్తిన కూర్చున్న కాలం అది.

దొర కొండెక్కాలంటే బుద్ర మొయ్యాలి. దొర మంచం, దొర పెట్టె, దొర కుక్కకు మాంసం. కూలి లేదు, అంతా వెట్టి. తాత మోశాడు, తండ్రి మోశాడు, బుద్ర మోశాడు. భుజం కాయ కాచి, ఎడమచెయ్యి పైకి లేచేది కాదు. భార్య సోంబారి ఆ భుజానికి ఆముదం రాస్తుంటే, గంజి తాగకుండానే ఒరిగిపోయేవాడు.

ఒక ఏడు కొండ అవతలి ఊళ్ళవాళ్ళు ఇక వెట్టి చెయ్యబోమని తెగేసి చెప్పారు. దొరకు కోపమొచ్చింది. సిపాయిలతో బయల్దేరాడు. బుద్రనీ ఇంకో ఇరవైమందినీ మోతకు పట్టుకొచ్చారు. ఈసారి చిన్న పెట్టెలే. రాళ్ళకన్నా బరువు.

మొదటిరోజు ఎక్కారు. ఎండ. ఒక ముసలాయన పడిపోతే ఆయన పెట్టె కూడా బుద్రకే ఎత్తారు. బుద్ర మోశాడు.

రెండోరోజు ఎక్కారు. వాన. ఒకడు జారితే పెట్టె పగిలి తూటాలు దొర్లాయి. అందరూ చూశారు. ఏరిపెట్టమన్నారు, ఏరిపెట్టారు. బుద్ర మోశాడు.

మూడోరోజు ఎక్కారు. మంచు. కొండ కొసన మలుపు తిరిగేసరికి మంచు విడి, అవతలి ఊళ్ళు కనిపించాయి. ఇళ్ళమీద పొగ లేస్తోంది. గంజి కాచుకుంటున్నారు.

బుద్ర పెట్టెలు దించి, పక్కనే కూర్చున్నాడు.

సిపాయిల జమాదారు వచ్చి లెమ్మన్నాడు.

“అలిసిపోయానయ్యా” అన్నాడు బుద్ర.

జమాదారు కొరడాతో కొట్టి మళ్ళీ లెమ్మన్నాడు.

“మా తాతప్పట్నుంచీ అలిసిపోయామయ్యా.”

దొర తుపాకీ ఎత్తాడు. జమాదారు గొంతు తగ్గించాడు. “లేవరా, చంపేస్తాడు.”

బుద్ర కింద పొగలకేసి చూశాడు. “ఇది తీసుకెళ్ళి వాళ్ళమీద దించలేనయ్యా. ఇక్కడే దించేశాను.”

తుపాకీ మోగింది. ఆ చప్పుడు లోయలోకి దిగింది. అవతలి ఊళ్ళవాళ్ళు పొయ్యిమీది గంజి వదిలేసి, పిల్లల్ని ఎత్తుకుని అడవిలోకి పోయారు. ఇక్కడ ఇరవైమందీ పెట్టెలు దించేసి కనపడకుండా పోయారు. సిపాయిలకు ఆ బరువు మోయడం చేతకాలేదు. కిందామీదా పడి దిగేసరికి ఊళ్ళు ఖాళీ, పొయ్యిలు చల్లన.

ఆ ఇరవైమందీ తిరిగొచ్చి బుద్రను ఊరికి మోసుకెళ్తామన్నారు. కబురు విని కొండెక్కి వచ్చిన సోంబారి వద్దంది. “చాలా ఎక్కాడు, చాలా దిగాడు. ఇక ఇక్కడే ఉండనివ్వండి” అంది. ఆ మలుపులోనే పూడ్చారు.

దొరలు అప్పుడే పోలేదు. ఇంకా ఎందరో పోయాక పోయారు. స్వరాజ్యం వచ్చాక పట్నం పెద్దలు వచ్చి, వీరుడి విగ్రహం నిలబెడతామన్నారు. ఊరివాళ్ళు చాలాసేపు మాట్లాడుకుని, నిలబెట్టొద్దు, కూర్చోబెట్టండి అన్నారు. కూర్చున్న వీరుణ్ణి ఎలా చెక్కాలో పెద్దలకు తోచలేదు. మళ్ళీ వస్తామని వెళ్ళారు. రాలేదు.

విగ్రహం లేదు. ఆ మలుపు ఉంది. కట్టెలమోపుతో వచ్చినా, పసుపు మూటతో వచ్చినా, అక్కడ బరువు దించాల్సిందే. ఎదురొచ్చినవాళ్ళు దించడానికి ఒక చెయ్యి వేస్తారు. ఇక అక్కడ కూర్చున్న మనిషిని, పొద్దుపోతున్నా సరే, వాన ముంచుకొస్తున్నా సరే, ఎవరూ లెమ్మనరు.