మూడు కంతల తెర

అనగనగా, మీ తాతకు తాత ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న రోజుల్లో, దర్పణపురమని ఒక రాజ్యం. దాన్ని ఏలే ధీరసింహుడు మంచివాడే గానీ వట్టి అనుమానపు పక్షి.

ఒకసారి శత్రువుల వేగులవాడొకడు మారువేషంలో కోటలో దూరాడట. ఆనాటినుంచి ఊరు విడిచి వెళ్లే ప్రతివాడి ముక్కూ, కనుబొమ్మలూ, గడ్డమూ ఎలా ఉన్నాయో పుస్తకంలో రాయించేవాడు రాజు. తిరిగొచ్చాక అవి కలవలేదా, పొద్దుగూకేలోగా పొలిమేర దాటించెయ్యడమే!

చీరలు అమ్ముకోవడానికి ఓడెక్కి వెళ్లిన నేతగాడు చెన్నప్ప అయిదేళ్లకు తిరిగొచ్చాడు. తుఫానులో ఓడ పగిలినప్పుడు పాపం ముక్కు వంకరైంది. దిగులుతో కనుబొమ్మలు నెరిశాయి. పస్తులతో గడ్డం ఎముక తేలింది.

ద్వారపాలకుడు పుస్తకం తిరగేశాడు. "సంపెంగ ముక్కు అని ఉంది. ఏదీ? నల్లటి కనుబొమ్మలట. ఏవీ? గుండ్రటి గడ్డమట. ఏదయ్యా? నువ్వు చెన్నప్పవు కాదు, పో!"

"అయ్యో, నా ఇల్లు ఆ సందు చివరే బాబూ! నా భార్యను పిలిపించండి," అని చెన్నప్ప కాళ్లావేళ్లా పడ్డాడు.

సంగతి రాజుదాకా వెళ్లింది. రాజు సభలో మూడు కంతల తెర కట్టించి, దాని వెనక చెన్నప్పను నిలబెట్టాడు.

"మొహమంతా చూస్తే జాలిపడి అబద్ధమాడతావు. ఒక్కో కంతా తెరిపిస్తాను, నీ మొగుడో కాదో చెప్పు," అన్నాడు, సభకు పిలిపించిన చెన్నప్ప భార్య వెంగళమ్మతో.

మొదటి కంతలో ముక్కు. "ఎవరిదో ప్రభూ," అంది.

రెండో కంతలో కనుబొమ్మలు. "ఏమో, గుర్తు రావడం లేదు." ఇక ఇల్లూ, మగ్గమూ, వెంగళమ్మా అన్నీ పోయినట్టే అనుకున్నాడు చెన్నప్ప.

మూడో కంతలో గడ్డం. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"దాటించెయ్యండి!" అన్నాడు రాజు.

"ఆగండి ప్రభూ! ముక్కొకసారి, గడ్డమొకసారి చూపిస్తే మనిషిని ఎలా పోల్చేది? మీరైతే పోల్చగలరా?" అంది వెంగళమ్మ.

"ఓస్, అదెంత!" అని రాజు, తెర వెనక ఎవరు నిలబడతారో కనబడకుండా కాసేపు అటు తిరిగి కూర్చున్నాడు. పక్కనే ఉన్న రాజమాత నవ్వు ఆపుకుంటూ చప్పుడు చెయ్యకుండా తెర వెనక్కి వెళ్లింది.

ముక్కు చూసి రాజు "ఎవరో వంటమనిషి," అన్నాడు. కనుబొమ్మలు చూసి "ఎవరో పరదేశి," అన్నాడు. గడ్డం చూసి "ఈ ముసలమ్మ మన ఊరిదే కాదు, పొలిమేర దాటించండి!" అన్నాడు.

తెర పక్కనుంచి రాజమాత ఇవతలికి వచ్చింది.

"ఏరా! కన్నతల్లినే ఊరు దాటిస్తావట్రా?"

సభంతా గొల్లుమంది. రాజు సిగ్గుపడి తల్లి కాళ్లకు మొక్కాడు. "ఆ నేతగాణ్ణి కూడా ఇవతలికి రమ్మనండి," అన్నాడు.

చెన్నప్ప వచ్చాడు. వెంగళమ్మ ఒక్క చూపు చూసింది. "ఓరి నాయనో, మా ఆయనే! ఎంత చిక్కిపోయావయ్యా!" అని నవ్వుతూ ఏడుస్తూ పరుగెత్తింది. సభ చూడ్డానికొచ్చిన ఇరుగుపొరుగువాళ్లూ "మన చెన్నప్పే!" అని అరిచారు. చెన్నప్పకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "అమ్మయ్య!" అని అక్కడే కూలబడ్డాడు.

రాజు ఆ పుస్తకాన్ని పొయ్యిలో వేయించాడు. తెరను చెన్నప్పకిచ్చాడు. "మగ్గం మీద కప్పుదామా?" అని చెన్నప్ప అడిగితే, "కంతల గుడ్డ మగ్గానికెందుకు, ఇల్లు తుడవడానికి చాలు," అంది వెంగళమ్మ.

ముక్కలుగా చూస్తే కన్నతల్లి కూడా పరాయిదే. నిండుగా చూస్తేనే మనవాళ్లు మనవాళ్లుగా కనిపిస్తారు.