చాలని అనని మారెక్కమ్మ

ఈతకనుమ దిగువన, గొర్రెల బాట పక్కన, పసుపు పూసిన పెద్ద రాతిగుండు ఉంది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. దానినే మారెక్కమ్మ అంటారు. గొర్రెలు కాచుకునే పిల్ల పేరు అమ్మవారికి ఎలా వచ్చిందని యాత్రికులు అడుగుతుంటారు.

పూర్వం ఇక్కడ ఓబులక్క, మారెక్క అనే అక్కచెల్లెళ్లు మందలు కాచేవారు. ఒకనాడు వాగు దగ్గర ఊరిపెద్ద కొడుకు చిన్నదైన మారెక్కను చెరిచాడు. వాడి పేరు ఈ స్థలపురాణం పుస్తకంలో వేయలేదు. దేవత ముందు చదవదగిన పేరు కాదది. పంచాయతీలో మారెక్క ముందు జరిగింది వెనుక, వెనుక జరిగింది ముందు చెప్పింది. మధ్యలో నవ్వింది కూడా. పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. ఆనాడు కూతవేటు దూరంలోనే మంద కాస్తున్న ఓబులక్కను పిలిచి, అరుపు వినబడిందా అని అడిగారు. వినబడలేదంది. అది నిజమే. ఆ నిజంతోనే చెల్లెలి గొంతు కోసింది; మారెక్కది అబద్ధమని పంచాయతీ తేల్చింది.

మారెక్క ఇల్లు విడిచి ఈ గుండు నీడకు చేరింది. ఎవరు దగ్గరికి వచ్చినా ఉలిక్కిపడేది.

ఆ చలికాలం మంద మీద తోడేలు పడింది. ఓబులక్క కళ్లెదుటే గొర్రెను గొంతు పట్టి ఈడ్చుకుపోతుంటే అది కిక్కురుమనలేదు, కాళ్లయినా ఆడించలేదు. మందలో పుట్టి పెరిగిన మనిషికి అది కొత్త సంగతి కాదు. ఓబులక్క చేతికర్ర అక్కడే పారేసి గుండు దగ్గరికి పరుగెత్తింది.

“తోడేలు పట్టిన గొర్రె అరవదు మారీ. పుట్టినకాణ్ణుంచి చూస్తాండా. నీ కాడికొచ్చేతలికి మరిచిపోతి.”

 అక్క చేయి వేయబోతే మారెక్క ముడుచుకుపోయింది. గుండులోని అమ్మవారు ఓబులక్కకు కలలో కనబడి, చెల్లెలిని ముట్టకుండా గుండు చుట్టూ తిరగమని, ఎప్పుడు చాలో మారెక్కే చెప్పాలని ఆనతిచ్చింది. ఓబులక్క తెల్లవారి మొదలుపెట్టింది. కొన్నాళ్లకు మారెక్క ఆమె తెచ్చిన సంగటి తిన్నది, పక్కన కూర్చోనిచ్చింది. చాలని మాత్రం అనలేదు. ఓబులక్క తల నెరిసి, నడుము వంగి, తిరుగుతూనే కన్నుమూసింది. మారెక్క పోయాక ఊరు ఈ గుండుకు ఆమె పేరే పెట్టుకుంది. సిగ్గు అప్పటికి వచ్చింది ఊరికి.

నేటికీ ఇక్కడ మొక్కు దెబ్బతిన్న ఆడపిల్లది కాదు, ఆమెను నమ్మని అయినవాళ్లది. ఆ పిల్ల గుండు నీడన కూర్చుంటుంది. పూజారమ్మ “పెట్టేదా తల్లీ?” అని అడిగి, తల ఊపితేనే బొట్టు పెడుతుంది. ఏం జరిగిందని ఎవరూ అడగరు. వెంట వచ్చినవాళ్లు గుండు చుట్టూ తిరుగుతారు. ఆ పిల్ల చాలంటే ఆగుతారు, అనకపోతే మరుసటి ఏడు మళ్లీ రావాలి. తొందరపెట్టడం అపచారం. అలా తిరిగిన ఇంటిని అమ్మవారు విడిచిపోదని పెద్దల మాట.

ఏళ్ల తరబడి వస్తున్న ఒక తల్లి కిందటి జాతరకూ కూతురితో వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఆమె కాళ్లు తడబడితే కూతురు లేచి నీళ్లచెంబు అందించింది. తల్లి తాగి, కూతురి ముఖంలోకి చూసింది. కూతురు చాలని అనలేదు. తల్లి కొంగుతో మూతి తుడుచుకుని మళ్లీ నడిచింది.