పాత కంప్యూటర్లకు కాపలా

గది తాళంచెవి జిలానీ బొడ్లోనే ఉండేది. బజారుకు పోయినా, బావి దగ్గరికి పోయినా ఓసారి చేత్తో తడిమి చూసుకునేవాడు. ఆ గదిలో బంగారమూ లేదు, వెండీ లేదు. దుమ్ము కొట్టుకుపోయిన పాత కంప్యూటర్లున్నాయి, అంతే.

కడప దాటాక, పాలకొండల కింద సూఫీ గురువు అమీన్ షా గారి ఖాన్‌కా అది. గురువూ శిష్యులూ కలిసి ఉండే ఇల్లన్నమాట. ఎవరో వ్యాపారి ఆఫీసు మూసేస్తూ ఆ కంప్యూటర్లను ఇక్కడ దించిపోయాడు. కొన్నాళ్ళు చుట్టుపక్కల పిల్లలు వాటి మీద టైపింగ్ నేర్చుకున్నారు. తర్వాత ఒక్కొక్కటే మొండికేశాయి. ఒకదాన్ని ఆన్ చేస్తే అది లేచేలోగా టీ తాగి రావచ్చు. ఇంకోటి అసలు లేవదు.

వానలు మొదలయ్యేలా ఉన్నాయి. బాటసారులు పడుకోవడానికి ఆ గది కావాలి. "బాగయ్యేటివి చదువుకునే పిల్లలకియ్యి. కానివి ఓబులేసుకియ్యి" అన్నారు గురువుగారు. శిష్యుడు జిలానీ బుద్ధిగా తలూపాడు. తలూపి వెళ్ళి, గదికి ఇంకో తాళం వేశాడు.

ఓబులేసు పాత సామాన్లు కొనేవాడు. తోపుడు బండితో వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"సాయిబూ, సామాన్లు తీసకపొమ్మని మీ గురువు హజ్రత్ కబురు పెట్టినారు."

"ఇంకా సర్దలేదు. పో."

"సర్దేది నేను గదా. నువ్వు తలుపు తీస్తే సాలు."

తలుపు తీస్తే చాలట! వీడికెందుకింత తొందర అనుకున్నాడు జిలానీ. మొన్న ఇదే దారిన పోతూ కిటికీలోంచి తొంగిచూసింది వీడే. ఇప్పుడు నవ్వుతున్నాడు కూడా. పనిలేకుండా ఎవడైనా నవ్వుతాడా? ఆ రోజు ఓబులేసు ఖాళీ బండి తోసుకుంటూ వెనక్కి పోయాడు. పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు జిలానీకి అన్నం సయించనివ్వలేదు.

మర్నాడు నజ్మా వచ్చింది. బట్టలు కుట్టే ఖైరూన్‌బీ కూతురు. ఆ ఏడే డిగ్రీలో చేరింది.

"జిలానీ మామూ, నాకొకటి ఇస్తే కాలేజీ పని ఇంట్లోనే చేసుకుంటా. బాగు చేయించేది మేమే చూసుకుంటాం."

"ఎవరు పంపించినారు నిన్ను?"

"ఎవరు పంపేదేంది? హజ్రతే అడగమన్నారు. ఆ కిటికీ పక్కనుండేది కొంచెం పనిచేస్తుందంట గదా?"

జిలానీ గుమ్మానికి అడ్డంగా జరిగాడు. ఇన్నింటిలో కిటికీ పక్కదే ఎందుకు అడిగింది? ఎవరు చెప్పారు? ఓబులేసా? ఇద్దరూ కలిసి పన్నాగం పన్నారా? పిల్ల మొహం చూస్తే ఏమీ ఎరగనట్టే ఉంది. ఏమీ ఎరగనట్టు ఉండేవాళ్ళతోనే ప్రమాదమని జిలానీ నమ్మకం.

"అది పోయింది. అన్నీ పోయినాయి. పో, పో" అని కసిరాడు. నజ్మా కళ్ళనిండా నీళ్ళతో వెనక్కి తిరిగింది.

సాయంత్రం గురువుగారు పిలిచారు.

"ఆ పిల్ల ఏడ్చుకుంటా పోయిందిరా. ఎందుకియ్యలేదు?"

జిలానీ ఓబులేసు నవ్వు గురించి చెప్పాడు, చూపు గురించి చెప్పాడు. టీకొట్టువాడు ఊరికే కంప్యూటర్ల సంగతి ఎత్తుతున్నాడన్నాడు. తోటి శిష్యులు తన నడుం వంక చూస్తున్నారన్నాడు. గురువుగారు అన్నీ ఓపిగ్గా విన్నారు.

"ఆ డబ్బాల్లో ఏముందిరా?" అన్నారు.

జిలానీ బొడ్లోని తాళంచెవి తడుముకున్నాడు.

ఆ ఖాన్‌కాలో ఒక పద్ధతుంది. కష్టమొచ్చినవాళ్ళు వచ్చి, ఇంకెవరికీ చెప్పుకోలేనిది గురువుగారికి చెప్పుకుంటారు. ఆయన వింటారు, తోచిన మాట ఒకటి చెప్తారు. వాళ్ళు వెళ్ళగానే లేచి నోరు పుక్కిలించి, తడిచేత్తో చెవులు తుడుచుకుంటారు. దాంతో ఆ మాట అక్కడితో సరి. అదే మనిషి మళ్ళీ వారం వస్తే, "ఏమ్మా, ఏం కష్టమొచ్చింది?" అని మొదట్నుంచీ అడుగుతారు.

ఆయన చేతుల మీద నీళ్ళు పోసేవాడు జిలానీయే. ఇంత మంచి మాటలు నీళ్ళపాలైపోతున్నాయే అని అతని కడుపు తరుక్కుపోయేది. అందుకని ఎవరూ చూడకుండా రోజూ ఆ గదిలోకి పోయి, ఎవరు ఏం చెప్పుకున్నారో, గురువుగారు ఏం బదులిచ్చారో పేర్లతో సహా టైపు చేసిపెట్టాడు. ఒకటి మొండికేస్తే ఇంకోదాని మీద కొట్టాడు. ఏ దుఃఖం ఏ డబ్బాలో ఉందో అతనికే సరిగ్గా గుర్తులేదు. ఇప్పుడు చెరిపేద్దామంటే, చెరిపేసినదాన్ని కూడా పైకి లాగే మొనగాళ్ళున్నారని ఎవరో చెప్పారు.

ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తుంది. నజ్మా తను కన్న బిడ్డ కాదని, బస్టాండులో గుడ్డల్లో చుట్టి వదిలేసిపోతే తెచ్చుకున్నానని ఖైరూన్‌బీ ఏడుస్తూ చెప్పింది. పిల్లకు ఎలా చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తెలియడం లేదని చెప్పింది. అది కిటికీ పక్కనున్న దాంట్లోనే ఉంది.

తలొంచుకుని అదంతా చెప్పాడు జిలానీ. గురువుగారి మొహంలో కోపం లేదు. బాధ ఉంది. అదే జిలానీని ఎక్కువ కుంగదీసింది.

"వాళ్ళు మనం దాచిపెట్టుకుంటామని నమ్మి చెప్పలేదురా" అన్నారాయన. "మర్చిపోతామని నమ్మి చెప్పినారు."

మళ్ళీ ఆయనే, "రేపు ఓబులేసును పిలువు. లోపలుండే డిస్కులు పీకించి పగలగొట్టించు. కిటికీ పక్కదానికి కొత్త డిస్కు వేయించి ఆ పిల్లకియ్యి" అన్నారు.

సరేనన్నాడు జిలానీ. కానీ తెల్లారి గది తాళం తీసేసరికి మనసు పీకింది. ఇన్నేళ్ళ మాటలు! పోతే మళ్ళీ వస్తాయా? ఓబులేసు చేతిలో పడితే ప్రమాదంగానీ, నా దగ్గరుంటే ఏం ప్రమాదం? నేనేమన్నా బయటివాణ్ణా? అలా తనకు తాను నచ్చజెప్పుకుని, లేచిన కంప్యూటర్లలో ఉన్నదంతా ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడు. వేలిగోరంత ఉందది. దాన్ని కుర్తా లోపలి జేబులో వేసుకున్నాక గానీ ఊపిరాడలేదు.

వాకిట్లో బండరాయి ముందు కూర్చుని ఓబులేసు పని మొదలుపెట్టాడు. మూత విప్పి, డిస్కు పీకి, రాయి మీద పెట్టి సుత్తితో కొట్టేవాడు. జిలానీ అతని చేతుల మీంచి చూపు తిప్పితే ఒట్టు. చెమట తుడుచుకోబోతే "ఆ తువ్వాలు దులుపు" అన్నాడు. మంచినీళ్ళకు లేవబోతే తనే తెచ్చి ఇచ్చాడు. తమ కంప్యూటర్ కోసం వచ్చిన ఖైరూన్‌బీ, నజ్మా అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. గురువుగారు మంచం మీద ఉన్నారు.

అంతా అయ్యాక జిలానీ, "జేబులు చూపించు ఓబులేసూ" అన్నాడు.

ఓబులేసు మొహం మాడిపోయింది. "నేను పాత సామాన్లోణ్ణి సాయిబూ. దొంగోణ్ణి గాదు."

అయినా జేబులోంచి బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి రాయి మీద పెట్టాడు. జేబు గుడ్డ బయటికి లాగి చూపించాడు.

గురువుగారు మంచం దిగి వచ్చారు. ఓబులేసు పక్కన నిలబడి తన జేబులోంచి జపం చేసుకునే తస్బీమాల తీసి బీడీల పక్కన పెట్టారు. పళ్ళు విరిగిన దువ్వెన పెట్టారు. దగ్గుబిళ్ళ ఒకటి పెట్టారు. జేబు గుడ్డ బయటికి లాగి, అలాగే నిలబడ్డారు. జిలానీ వైపు చూడనైనా లేదు.

నజ్మాకు నవ్వొచ్చింది. "నాది కూడా చూసుకో మామూ" అంటూ వచ్చి సంచీ బోర్లించింది. రెండు పెన్నులు, జడక్లిప్పు, సగం తిన్న వేరుశనగ ఉండ పడ్డాయి. ఖైరూన్‌బీ కూడా లేచొచ్చి కొంగుముడి విప్పింది. అందులో బొత్తాలున్నాయి.

ఇక జిలానీ ఒక్కడే మిగిలాడు.

ఎవరూ అడగలేదు. అతని చెయ్యి దానంతటదే గుండెల మీదికి పోయింది. మెల్లగా లోపలి జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇదేంది మామూ?" అంది నజ్మా, వంగి చూస్తూ.

జిలానీ ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయాడు.

"ఓబులేసన్నా, ఆ సుత్తి ఇటియ్యి" అన్నాడు.

ఓబులేసు సుత్తి అందించి, తన బీడీకట్ట పక్కకు జరిపి రాయి మీద చోటు చేశాడు.